ఎగ్జిబిషన్ హాలులో మోడల్ ఫొటోలు: వెలుగు, చోటు, చూపు

ఆటో షో అయినా, గేమింగ్ షో అయినా, ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన అయినా, హాలు లోపల మోడల్‌ని ఫొటో తీసేటప్పుడు మీ చేతిలో ఉండేవి చాలా తక్కువ. లైట్లు ఎవరో కట్టారు. వెనక తెర ఎవరో పెట్టారు. మోడల్ ఎక్కడ నిలబడాలో, ఏం వేసుకోవాలో, ఎంతసేపు ఉండాలో స్టాల్ వాళ్లు ముందే తేల్చేశారు. మీకు మిగిలింది రెండే: ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి. కొత్తవాళ్లు ఈ రెంటినీ వదిలేసి లెన్సు గురించి, ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె) గురించి బుర్ర బద్దలు కొట్టుకుంటారు. సెట్టింగులు అక్కర్లేదని కాదు, అవి ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లాల్సినవి. హాల్లోకి అడుగుపెట్టాక బుర్ర అంతా వెలుగు మీద, చోటు మీద ఉండాలి.

ముందు పిడికిలి, తర్వాత కెమెరా

ఎగ్జిబిషన్ హాలు కప్పు మామూలు గదిలా పది అడుగుల్లో ఉండదు. దీపాలు చాలా ఎత్తున ఇనప ట్రస్సులకు వేలాడుతుంటాయి, వెలుగు నేరుగా నడినెత్తిన పడుతుంది. దాంతో కనుబొమల నీడ కళ్ల మీద, ముక్కు నీడ పెదవి మీద, గడ్డం నీడ మెడ మీద పడతాయి. అక్కడ నిలబడి చూస్తున్నప్పుడు ఇది పెద్దగా తెలియదు, ఎందుకంటే మన కన్ను సర్దుకుపోతుంది. కెమెరా సర్దుకోదు. ఇంటికొచ్చి చూస్తే కళ్ల చోట రెండు గుంటలు కనిపిస్తాయి.

అందుకని స్టాల్ దగ్గరికి చేరగానే కెమెరా ఎత్తకండి. చెయ్యి చాచి, పిడికిలి బిగించి, మీ ముఖం ఎత్తులో పట్టుకోండి. వేళ్ల కణుపులు కనుబొమలు అనుకోండి, వాటి కింది పల్లాలు కళ్లు అనుకోండి. అలాగే పట్టుకుని నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. ఒక దిక్కున పిడికిలి పల్లాలన్నీ నల్లగా ఉంటాయి. ఇంకో దిక్కున వాటిలోకి కూడా వెలుగు పారుతుంది. అంటే అప్పుడు మీ వెనకవైపు ఏదో పెద్ద వెలుగు ఉంది: ఎదురు స్టాల్‌లోని తెల్లటి ఎల్ఈడీ గోడ కావచ్చు, ముందుకు వంచి కట్టిన స్పాట్ లైట్ల వరస కావచ్చు. ఆ వెలుగు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. అప్పుడు మీ వైపు చూసిన మోడల్ ముఖం దానంతట అదే వెలుగుతుంది. కళ్లలో చిన్న తెల్ల మెరుపు కనిపించిందంటే మీరు సరైన చోట ఉన్నట్టే.

తెల్లటి నేల వేసిన స్టాల్ దొరికితే అదృష్టమే. కింది నుంచి తిరిగొచ్చే వెలుగు గుంటల్ని చాలావరకు పూడుస్తుంది. నల్ల కార్పెట్ ఉన్న స్టాల్‌లో ఆ సాయం ఉండదు. అక్కడ గడ్డం కాస్త పైకెత్తినప్పుడు తీయడమో, ఫ్లాష్ వాడటమో చేయాలి.

హాలంతా ఒకసారి ఖాళీ చేతులతో చుట్టి రావడానికి పావుగంట పడుతుంది. ఏ స్టాల్‌లో వెలుగు బాగుంది, ఏ స్టాల్‌లో ముదురు ఊదా, ఎరుపు లైట్లు ముఖాన్ని మింగేస్తున్నాయి, మోడల్స్ షిఫ్టు ఎప్పుడు మారుతుంది, ఇవన్నీ ఆ పావుగంటలోనే తేలిపోతాయి. మోడల్స్ రోజంతా నిలబడరు. కొంతసేపు నిలబడి, కొంతసేపు విశ్రాంతి తీసుకుంటారు. చాలా స్టాళ్లలో స్టేజీ కార్యక్రమాల వేళలు బోర్డు మీద రాసే ఉంటాయి, దాన్ని ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తలుపులు తెరిచిన తొలి గంటలో జనం పలచగా ఉంటారు, మేకప్ తాజాగా ఉంటుంది, మోడల్స్‌లో ఓపిక ఉంటుంది. మధ్యాహ్నానికి ఈ మూడూ తగ్గుతాయి.

ఎంత దూరం, ఏ లెన్సు

లెన్సు ఎంపిక దూరాన్ని బట్టి జరగాలి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా నిలువుగా పట్టుకుని, మోడల్‌ని పాదాల నుంచి తల దాకా, పైనా కిందా కాస్త ఖాళీతో తీయాలంటే 85 ఎంఎం లెన్సుకి సుమారు 4.7 మీటర్లు వెనక్కి జరగాలి. 50 ఎంఎంకి 2.8 మీటర్లు చాలు. 35 ఎంఎంకి 2 మీటర్లు. 200 ఎంఎంకి 11 మీటర్లు, అంత దూరం నుంచి తీస్తే మధ్యలో జనం అడ్డం నడుస్తూనే ఉంటారు. నడుము పైనుంచి తీయడానికి 85 ఎంఎం 2.1 మీటర్లకే సరిపోతుంది.

కాబట్టి రద్దీ హాల్లో ఒక్క లెన్సుతోనే వెళ్లాలంటే 24–70 ఎఫ్ 2.8 (ఎఫ్ అంకె లెన్సు తెరుచుకునే అపర్చర్‌ని చెబుతుంది, చిన్నదైతే వెలుగు ఎక్కువ) పనికొచ్చినంతగా మరొకటి పనికిరాదు. స్టేజీ మీది కార్యక్రమాలే ఎక్కువైతే 70–200 ఎఫ్ 2.8. బడ్జెట్ చిన్నదైతే 85 ఎంఎం ఎఫ్ 1.8, చిన్న సెన్సర్ కెమెరా అయితే దానికి సమానంగా 50 లేదా 56 ఎంఎం. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. అంటే ఎఫ్ 2.8 కంటే నాలుగు రెట్లు ఐఎస్ఓ పెంచాలి, తీయలేమని కాదు గానీ ఫ్లాష్ తోడు ఉండాలి. ఫోన్‌తో తీసేవాళ్లు మామూలు (1x) లెన్సుతో దగ్గరికి దూరకుండా, రెండు రెట్లు లేదా మూడు రెట్ల లెన్సుకి మార్చి వెనక్కి జరగడం మంచిది. దగ్గరి నుంచి వైడ్ లెన్సుతో తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి.

జనం మధ్యలో లెన్సు మార్చడం దండగ పని. ధూళి లోపలికి పోతుంది, ఆ అరనిమిషంలో మీ చోటు ఇంకొకరిదవుతుంది.

దూరంలో ఇంకో లెక్క కూడా ఉంది. మోడల్ తరచూ ముప్పై సెంటీమీటర్ల వేదిక మీద, పది సెంటీమీటర్ల హీల్స్‌తో నిలబడి ఉంటారు. అంటే వారి కళ్లు నేల నుంచి దాదాపు రెండు మీటర్ల ఎత్తున, మీ కెమెరా ఒకటిన్నర మీటరు ఎత్తున. రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ముఖాన్ని 13 డిగ్రీలు కింది నుంచి చూస్తున్నట్టు, ముక్కు రంధ్రాలు, గడ్డం కింది భాగం ముందుకొస్తాయి. అదే ఐదు మీటర్ల నుంచి తీస్తే కోణం 5 డిగ్రీలకు పడిపోతుంది. వేదిక ఎత్తుగా ఉంటే వెనక్కి జరిగి పొడుగు లెన్సు వాడమనేది ఇందుకే. స్టూలు వేసుకుని ఎక్కుదామంటే చాలా హాళ్లలో ఒప్పుకోరు. ట్రైపాడ్, మోనోపాడ్‌లదీ అదే గతి, వెళ్లేముందు నిబంధనలు చదువుకోండి.

సమతలం మీద నిలబడిన మోడల్‌ని నిలువెత్తున తీస్తే కెమెరా వారి నడుముకీ ఛాతీకీ మధ్య ఎత్తులో ఉండాలి. మీ కంటి ఎత్తు నుంచి కిందికి వంచి తీస్తే తల పెద్దదై కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి, కొత్తవాళ్ల ఫొటోల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. మోకాళ్లు కొంచెం వంచితే పోతుంది. ముఖం మాత్రమే తీసేటప్పుడు మళ్లీ కంటి ఎత్తుకి లేవాలి.

షట్టర్, చారలు

మొదలుపెట్టడానికి ఎఫ్ 2.8, షట్టర్ 1/125 సెకను, ఐఎస్ఓ 800 పెట్టుకోండి. బాగా వెలుగున్న స్టాల్‌లో ఐఎస్ఓ 400కి దిగొచ్చు, మసక హాల్లో 2500, 3200 దాకా పోవచ్చు. కదిలి మసకబారిన ముఖం కన్నా కాస్త గింజ (నాయిస్ చుక్కలు) ఉన్న ముఖం నయం, ఐఎస్ఓకి భయపడి 1/40లో తీసి అన్నీ కదిలిపోయిన ఫొటోలు తెచ్చుకోకండి. లెన్సులోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకునే ఆపుతుంది, మోడల్ కదలికను ఆపదు.

1/125నే ఎందుకు, 1/500 పెడితే ఇంకా గట్టిగా రాదా అనిపిస్తుంది. ఇక్కడే ఎల్ఈడీ లైట్లు దెబ్బ తీస్తాయి. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ అయిన చోట చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, 60 హెర్ట్జ్ చోట 120 సార్లు. షట్టర్ 1/100 అయితే ఒక పూర్తి మిణుకు ఫ్రేములో పడుతుంది, ప్రతి ఫొటో ఒకేలా వస్తుంది. 1/400 పెడితే మిణుకులో ఒక ముక్క మాత్రమే దొరుకుతుంది. ఒక ఫ్రేము వెలుతురుగా, పక్క ఫ్రేము మసగ్గా, మూడోదానిలో సగం ముఖం పసుపు, సగం నీలం. అందువల్ల 1/125తో మొదలుపెట్టినా, మిణుకు కనిపిస్తే 50 హెర్ట్జ్ చోట 1/100 లేదా 1/50, 60 హెర్ట్జ్ చోట 1/125 లేదా 1/60 అని గుర్తుపెట్టుకోండి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. అది మిణుకు పతాక స్థాయికి వచ్చేదాకా ఆగి షట్టర్ వదులుతుంది. బర్స్ట్ (వరసగా ఫొటోలు తీసే) వేగం కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

వెనకనున్న ఎల్ఈడీ తెరల తీరు వేరు. అవి సెకనుకి వేల సార్లు మిణుకుతాయి, యాంటీ ఫ్లికర్‌కి చిక్కవు. చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే మొదటికే మోసం. చాలా కెమెరాల సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా నెమ్మదిగా చదువుతుంది, ఆ లోపు తెర ఎన్నోసార్లు ఆరి వెలుగుతుంది, ఫొటో నిండా అడ్డ చారలు పడతాయి. మెకానికల్ షట్టర్‌కి మారండి, స్పీడు 1/125కి దించండి, ఒక ఫొటో తీసి తెర భాగాన్ని పెద్దది చేసి చూడండి. ఇంకా చారలుంటే 1/100, 1/80 ప్రయత్నించండి. కొన్ని కొత్త కెమెరాల్లో షట్టర్ స్పీడును దశాంశాల్లో సవరించుకునే వీలుంది, ఉంటే తెర చూస్తూ చారలు మాయమయ్యేదాకా తిప్పుకోవచ్చు. ఈ పరీక్ష ప్రతి కొత్త స్టాల్ దగ్గరా చేయాల్సిందే. ముఖం మీద పడ్డ చారల్ని ఎడిటింగ్‌లో తీయడం దాదాపు అయ్యే పని కాదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఐఎస్ఓని ఆటోలో వదలకండి. వెనకతెర మీద వీడియో నడుస్తుంటుంది. తెల్లటి దృశ్యం రాగానే కెమెరా కంగారుపడి ఐఎస్ఓ దించేస్తుంది, ముఖం నల్లబడుతుంది. నల్లటి దృశ్యం రాగానే ఎదురు జరుగుతుంది. ముఖం మీద పడే వెలుగు మాత్రం మారలేదు. పూర్తి మాన్యువల్‌లో ముఖానికి సరిపడా ఒకసారి పెట్టుకుంటే ఆ స్టాల్ వదిలేదాకా ముట్టుకోనక్కర్లేదు. కెమెరాలో జీబ్రా (ఎంచుకున్న వెలుగు స్థాయికి చేరిన చోట గీతలు చూపే సదుపాయం) ఉంటే లేత చర్మానికి 70 దగ్గర, ముదురు చర్మానికి 50 నుంచి 60 మధ్య నుదుటి మీద గీతలు మొదలయ్యేలా చూసుకోండి. ఆటో మోడ్ వదలలేమంటే తెల్లటి స్టాల్‌లో ఎక్స్‌పోజర్ +0.7 నుంచి +1.3 పెంచండి, నల్లటి స్టాల్‌లో 0.7 తగ్గించండి.

ఫోకస్ విషయం క్లుప్తంగా: కంటిన్యువస్ ఫోకస్, కన్ను గుర్తించే సదుపాయం ఉంటే అది, లేకపోతే ఒకే పాయింటును దగ్గరి కంటి మీద పెట్టడం. 85 ఎంఎం ఎఫ్ 1.8లో రెండు మీటర్ల దూరాన స్పష్టంగా వచ్చే లోతు ఆరు సెంటీమీటర్లే. మధ్య పాయింటుతో ఫోకస్ పట్టి, ఆ తర్వాత ఫ్రేము జరిపితే, మోడల్ కూడా ఒక రవ్వ ఊగితే, కంటి బదులు చెవి స్పష్టంగా వస్తుంది. ఎఫ్ 2.8లో ఈ లోతు తొమ్మిది సెంటీమీటర్లు, ఎఫ్ 4లో పదమూడు. ఇద్దరు మోడల్స్ పక్కపక్కన ఉంటే ఎఫ్ 4కి తగ్గకండి, ఇద్దరి ముఖాలూ మీకు సమాన దూరంలో ఉండేలా జరగండి.

రంగు

రా ఫైల్ (సెన్సర్ పట్టినదాన్ని సవరించకుండా దాచే ఫైల్) తీయండి. ఈ ఒక్క మాటతో సగం తలనొప్పి పోతుంది. కప్పు లైటు ఒక రంగు, స్పాట్ లైట్ పసుపు, తెర నీలం, అన్నీ ఒకే ముఖం మీద పడుతుంటే ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సర్దే సెట్టింగు) ప్రతి ఫ్రేముకీ ఒక్కో నిర్ణయం తీసుకుంటుంది. ఒక స్టాల్‌కి ఒక విలువ అని కెల్విన్‌లో (వెలుగు రంగుని కొలిచే అంకెల్లో) కట్టేయండి, 4000 నుంచి 5000 మధ్య మొదలుపెట్టవచ్చు. గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) ఉంటే మోడల్ చేతికి ఇవ్వాల్సిన పని లేదు. స్టాల్ అంచున, మోడల్ మీద పడే వెలుగే పడేచోట మీరే పట్టుకుని ఒక ఫ్రేము తీసుకోండి.

ముదురు నీలం, ఊదా లైట్లు మాత్రం రా ఫైల్‌కీ లొంగవు. ఆ లైట్లు ఒకే చానల్‌ని (ఎరుపు, ఆకుపచ్చ, నీలంలో ఒకదాన్ని) నింపేస్తాయి. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిస్తే నీలం కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. చెంప మీద వివరం ఏమీ మిగలదు, ప్లాస్టిక్ బొమ్మలా అవుతుంది. అప్పుడు ఒక స్టాపు దించి (అంటే వెలుగుని సగం చేసి) తీయండి, లేదా లైటు రంగు మారేదాకా ఆగండి. చాలా స్టాళ్లలో రంగులు ఒక వరసలో తిరుగుతుంటాయి. రెండు వరసలు గమనిస్తే తెల్ల లైటు ఎప్పుడొస్తుందో పట్టుబడుతుంది.

ఫ్లాష్: కొంచెమే, ఎదురుగానే

ఇళ్లలో, పెళ్లిళ్లలో ఫ్లాష్ తలని పైకి తిప్పి కప్పుకి కొట్టే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. అంత ఎత్తున నల్ల ట్రస్సులు తప్ప వెలుగును తిప్పి పంపడానికి ఏమీ లేదు. ఫ్లాష్ పూర్తి శక్తితో పేలుతుంది, ముఖానికి ఏమీ చేరదు, బ్యాటరీ అయిపోతుంది. తెల్ల ప్లాస్టిక్ టోపీ తొడిగినా అంతే, చుట్టూ గోడలున్న చిన్న గదికి పనికొచ్చే వస్తువది.

ఇక్కడ ఫ్లాష్ పని గుంటలు పూడ్చడం, అంతకుమించి కాదు. కాబట్టి తల ముందుకే తిప్పి, అరచేతి కన్నా కాస్త పెద్ద చిన్న సాఫ్ట్ బాక్స్ తొడిగి, టీటీఎల్‌లో (ఫ్లాష్ శక్తిని కెమెరాయే తేల్చే మోడ్‌లో) −1 నుంచి −1.7 మధ్య పెట్టండి. ఐఎస్ఓ ఎక్కువగా ఉంది కాబట్టి ఫ్లాష్‌కి శ్రమే ఉండదు. లెక్క చూడండి: గైడ్ నంబరు (ఐఎస్ఓ 100 దగ్గర ఫ్లాష్ శక్తిని చెప్పే అంకె) 40 ఉన్న ఫ్లాష్, ఐఎస్ఓ 800, ఎఫ్ 4 అయితే పూర్తి శక్తికి 28 మీటర్లు అందుతుంది. మీరున్నది మూడు మీటర్లలో. అంటే పూర్తి శక్తిలో తొంభయ్యో వంతు చాలు. సాఫ్ట్ బాక్స్ రెండు స్టాపులు మింగినా 1/16కీ 1/32కీ మధ్య పూర్తి వెలుగు, గుంటలు పూడ్చే ఫిల్ కోసమైతే 1/64. మాన్యువల్‌లో అక్కడ కట్టేసినా పని నడుస్తుంది. ఆ శక్తిలో ఫ్లాష్ వెంటవెంటనే సిద్ధమవుతుంది, నాలుగు పెన్సిల్ సెల్స్ పూట గడిపేస్తాయి.

ఫ్లాష్ వెలుగు దాదాపు 5500 కెల్విన్. స్పాట్ లైట్లు పసుపుగా ఉంటే ముఖం నీలంగా, వెనకంతా నారింజగా వస్తుంది. ఫ్లాష్ ముందు సగం గాఢత నారింజ జెల్ (పారదర్శకమైన రంగు కాగితం) అతికిస్తే అది 3800 దగ్గరికి దిగుతుంది, రెండూ కలిసిపోతాయి. షట్టర్ కెమెరా సింక్ స్పీడు (ఫ్లాష్‌తో పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం) దాటకూడదు, ఎక్కువ కెమెరాల్లో 1/200 లేదా 1/250. ఎలాగూ 1/125లో ఉన్నారు కనక సమస్య రాదు. మోడల్ వెనక మెరిసే కారు గానీ, గాజు పలక గానీ ఉంటే ఫ్లాష్ చుక్క అందులో కనిపిస్తుంది, ఒక అడుగు పక్కకి జరిగి ఏటవాలుగా తీయండి. ఫ్లాష్ వాడొద్దన్న బోర్డు ఉంటే ఇదంతా మరిచిపోవాల్సిందే.

మీ వంతు వచ్చాక

చేతిలో ఉన్నది అరనిమిషం, మహా అయితే నలభై సెకన్లు. వెనక ఇంకా జనం ఉన్నారు. క్రమం ముందే మనసులో ఉండాలి.

కెమెరా దించి, కళ్లలోకి చూసి, "ఒక ఫొటో తీసుకోవచ్చా అండీ?" అని అడగండి. తల ఊపగానే ముందు నిలువెత్తు ఫొటో తీయండి, దగ్గరివి తర్వాత. కారణం మామూలుదే: మీరు ఒక్కసారి ముందుకు జరిగితే మీ వెనక ఖాళీ క్షణంలో నిండిపోతుంది, మళ్లీ వెనక్కి పోలేరు. నిలువెత్తు మూడు ఫ్రేములు, రెండడుగులు ముందుకేసి నడుము దాకా మూడు, ఆఖరున ముఖం రెండు. అంతే. కెమెరా దించి, కృతజ్ఞత చెప్పి, తప్పుకోండి. ముప్పై ఫ్రేముల బర్స్ట్ కొట్టేవాళ్లకి ముప్పై ఒకే ఫొటోలు వస్తాయి.

గుంపుగా తీస్తున్నప్పుడు మోడల్ చూపు ఎడమ చివర నుంచి కుడి చివరకి, ఒక్కో కెమెరా దగ్గర ఒకటి రెండు సెకన్లు ఆగుతూ సాగుతుంది. చూపు మీ పక్కవారి దగ్గర ఉండగానే ఫోకస్ పట్టుకుని సిద్ధంగా ఉండండి. చూపు మీ మీదికి వచ్చిన క్షణంలోనే నొక్కితే కనుగుడ్లు ఇంకా కదులుతుంటాయి. ఒక చిన్న విరామం ఇచ్చి, మూడు నాలుగు ఫ్రేములు తీయండి, రెప్ప పడినా ఒకటి మిగులుతుంది. చూపు రాలేదని అరవకండి, ఈల వేయకండి. కాస్త చెయ్యెత్తితే చాలు. అయినా రాకపోతే ఇంకో చుట్టు దాకా ఆగండి. పక్కకి చూస్తున్న ముఖం కూడా మంచి ఫొటోయే, ఆ మాటకొస్తే ఒక్కోసారి అదే నయం.

భంగిమ గురించి మీరు చెప్పాల్సింది తక్కువ, వారికి మీకన్నా బాగా తెలుసు. కానీ గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒంటి బరువు వెనక కాలి మీద పడి, శరీరం మీకు ఏటవాలుగా తిరిగినప్పుడు ఆకారం బాగుంటుంది. ఎదురెదురుగా నిటారుగా నిలబడితే భుజాలు వెడల్పుగా, గుర్తింపు కార్డు ఫొటోలా వస్తుంది. చేతులు శరీరానికి అతుక్కుని లేకుండా, మోచేతికీ నడుముకీ మధ్య చిన్న సందు కనిపించే క్షణం చూడండి. ఏమైనా అడగాలంటే ఒకటే అడగండి: "గడ్డం కొంచెం ముందుకి" అనో, "ఆ కారు వైపు ఒకసారి" అనో. రెండో కోరిక దగ్గర చిరునవ్వు బిగుసుకుంటుంది.

ఫ్రేము అంచు కీళ్ల మీద పడనివ్వకండి. చీలమండ దగ్గర, మోకాలి దగ్గర, మణికట్టు దగ్గర తెగితే అవయవం నరికినట్టుంటుంది. తొడ మధ్యలో, నడుము దగ్గర, ఛాతీ కింద తెగితే కంటికి తేడా తెలియదు. నిలువెత్తు ఫొటోలో బూటు మొన తెగిపోవడం చాలా మామూలుగా జరిగే తప్పు. కిందివైపు ఒక పిడికెడు ఖాళీ ఎక్కువే వదలండి, కావాలంటే ఇంటికెళ్లి కత్తిరించుకోవచ్చు.

వెనక ఏముంది

హాల్లో ఖాళీ నేపథ్యం అంటూ ఉండదు. తల వెనక నుంచి స్తంభం మొలుస్తుంది, చెవి పక్కన ఆకుపచ్చ ఎగ్జిట్ బోర్డు వెలుగుతుంది, నడుము దగ్గర ఇంకొకరి కెమెరా. దీనికి మందు అపర్చర్ ఒక్కటే కాదు. ఎఫ్ 1.8 పెట్టినా వెలుగుతున్న బోర్డు పెద్ద ఆకుపచ్చ మచ్చగా మారుతుందే తప్ప మాయం కాదు. అరడుగు ఎడమకో కుడికో జరిగితే అదే బోర్డు మోడల్ తల వెనక దాక్కుంటుంది. మోడల్‌కీ వెనక గోడకీ మధ్య దూరం ఎక్కువగా ఉండే కోణం వెతకండి. స్టాల్‌కి ఎదురుగా నిలబడితే గోడ రెండు మీటర్ల వెనకే ఉంటుంది, మూల నుంచి ఏటవాలుగా చూస్తే అది ఐదారు మీటర్ల వెనక్కి పోతుంది.

కారు పక్కన మోడల్ అయితే కారు బాడీ మీద కప్పు దీపాలన్నీ గీతలుగా కనిపిస్తాయి. పోలరైజర్ (ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టర్) తిప్పితే రంగు పూత మీద, అద్దాల మీద ప్రతిబింబాలు కొంత తగ్గుతాయి, క్రోమ్ ముక్కల మీద తగ్గవు, ఎందుకంటే లోహం నుంచి తిరిగొచ్చే వెలుగుని పోలరైజర్ పెద్దగా పట్టుకోలేదు. పైగా అది ఒకటిన్నర స్టాపు వెలుగు తినేస్తుంది. మసక హాల్లో ఆ బేరం గిట్టదు. కారుని ఫ్రేములో మూల నుంచి మూలకి ఏటవాలుగా పెట్టి, మోడల్‌ని ముందు చక్రం దగ్గర ఉంచితే, ఆ గీతలే కంటిని ముఖం వైపు తీసుకెళ్తాయి. స్టాల్ వాళ్లకి కావాల్సింది తమ వస్తువు కనిపించడం. వస్తువుతో కలిపి ఒక మంచి ఫ్రేము తీయడం అలవాటు చేసుకుంటే వాళ్లూ మిమ్మల్ని తరమరు.

మోడల్ అక్కడ పనిలో ఉన్నారు

ఇది మర్యాద గొడవలా కనిపిస్తుంది గానీ నిజానికి ఫొటో నాణ్యత కూడా దీని మీదే ఆధారపడుతుంది. ఇబ్బంది పడుతున్న ముఖం ఏ లెన్సుకీ అందంగా రాదు. వేదిక అంచున కూర్చుని కింది నుంచి పైకి తీయడం, ముఖం లేకుండా ఒంటి భాగాలకి జూమ్ చేయడం, వద్దన్నట్టు చెయ్యి ఊపాక ఇంకో ఫ్రేము కొట్టడం, ఇవి చేసేవాళ్లని సెక్యూరిటీ బయటికి పంపడం మామూలే. చాలాచోట్ల చట్టమూ ఊరుకోదు. విశ్రాంతి తీసుకునే చోట, తెర వెనక, భోజనం చేస్తుండగా కెమెరా ఎత్తకూడదు. భుజం మీద చెయ్యి వేయడం, జుట్టు సర్దడం అసలే వద్దు. జుట్టు చెదిరిందనిపిస్తే మాటతో చెప్పండి. సొంత ఫోన్ నంబరు, సొంత సోషల్ మీడియా ఖాతా అడగకండి. స్టాల్ వాళ్లు బోర్డు మీద ప్రకటించిన పేరు ఉంటే అది వాడుకోండి.

తాడు కట్టిన గీత దాటకండి. బ్యాగు వీపున కాకుండా ముందువైపు వేసుకోండి, వెనక ఉన్న బ్యాగు తిరిగినప్పుడల్లా ఎవరికో ఒకరికి తగులుతుంది. స్టాల్‌కి కొనడానికి వచ్చినవాళ్లు మాట్లాడుతుంటే పక్కకి తప్పుకోండి. ఫొటోలు ప్రకటనలకో అమ్మకానికో వాడాలంటే మోడల్ సంతకం చేసిన అనుమతి పత్రం కావాలి, టికెట్ కొన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. మామూలుగా ఆన్‌లైన్‌లో పెట్టుకోవడానికి కూడా ఆ ఎగ్జిబిషన్ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకోండి. తీసేయమని మోడల్ అడిగితే వాదించకుండా తీసేయండి.

ఇంటికొచ్చాక

24 మెగాపిక్సెల్ రా ఫైల్ పాతిక ముప్పై ఎంబీ ఉంటుంది, 64 జీబీ కార్డులో రెండు వేల దాకా పడతాయి. అన్నీ ఎడిట్ చేద్దామనుకోకండి. ముందు కళ్లు చూడండి: ఫోకస్ కంటి మీద లేనివి, రెప్ప సగం మూసినవి తీసేయండి. ఆ తర్వాత ఒక్కో భంగిమకి ఒక్కటే మిగల్చండి. నాలుగు వందలు తీస్తే ముప్పై నలభై మిగలడం మంచి రోజు.

ఎడిటింగ్ స్టాల్ వారీగా చేయండి. గ్రే కార్డు ఫ్రేము మీద వైట్ బ్యాలెన్స్ తీసి ఆ స్టాల్ ఫొటోలన్నింటికీ ఒకేసారి అతికించండి. చర్మం ఆకుపచ్చగా కొడితే టింట్ స్లైడర్‌ని మెజెంటా (గులాబీ) వైపు 5 నుంచి 10 జరపండి. ముఖం మసగ్గా ఉంటే మొత్తం ఎక్స్‌పోజర్ పెంచే బదులు ఆరెంజ్ ల్యుమినెన్స్ (నారింజ రంగుల వెలుగు) కాస్త పెంచండి, చర్మం వెలుగుతుంది, వెనకతెర అలాగే ఉంటుంది. ఒక చెంప మీద మాత్రమే ఊదా మచ్చ ఉంటే బ్రష్‌తో అక్కడ సాచురేషన్ తగ్గించండి. అక్కడ చానల్ నిండిపోయి ఉంటే ఏం చేసినా బూడిద రంగే మిగులుతుంది, ఆ ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేయడం మేలు. నాయిస్ తగ్గించేటప్పుడు వందశాతం పెద్దది చేసి కనురెప్పల వెంట్రుకలు చూస్తూ చేయండి, అవి అతుక్కుపోతున్నాయంటే ఎక్కువైనట్టే. మొటిమ తీయడం సరే, నడుము సన్నం చేయడం జోలికి పోకండి. వెనక గోడ గీతలు వంకర తిరిగి పట్టిచ్చేస్తాయి.

ఆన్‌లైన్‌లో పెట్టడానికి పొడుగు వైపు 2048 పిక్సెల్స్, ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే కలర్ స్పేస్, అంటే రంగుల పరిధి) చాలు. వేరే కలర్ స్పేస్‌లో వదిలేస్తే మీ కంప్యూటర్లో బాగున్న చర్మం ఫోన్లలో పాలిపోయి కనిపిస్తుంది.

తర్వాతి ఎగ్జిబిషన్‌కి ముందు ఇంట్లో ఒక సాయంత్రం సాధన చేయండి. తలకి పైన ఒకే దీపం వెలిగించి, దాని కింద ఒకరిని నిలబెట్టండి. గడ్డం ఎంత పైకెత్తితే కళ్ల గుంటలు పోతున్నాయో చూడండి. ఫ్లాష్‌ని −2 నుంచి 0 దాకా మూడోవంతు స్టాపు చొప్పున పెంచుతూ ఏడు ఫ్రేములు తీయండి. ఫ్లాష్ వాడినట్టు మొదటిసారి తెలిసిపోయే ఫ్రేము ఏదో గుర్తించి, దానికి ఒక మెట్టు కిందిది ఫ్లాష్ మీద చిన్న టేపు ముక్క అంటించి రాసి పెట్టుకోండి. హాల్లో ఆ అంకెతోనే మొదలుపెట్టవచ్చు.